రచయిత మౌనం: సృజనాత్మక రచనా కార్యశాల చరిత్ర

5.1 పరిచయం

కథ రాసినవారు దాని ప్రతులను తోటివారికి ముందుగానే ఇస్తారు. అందరూ చదివి వచ్చి ఒకచోట చుట్టూ కూర్చుంటారు. ఎక్కడ బాగుందో, ఎక్కడ అర్థం కాలేదో, ఎక్కడ విసుగు పుట్టిందో ఒక్కొక్కరే చెబుతారు. రాసినవారు ఆ మాటలను రాసుకొని ఇంటికి వెళ్లి కథను తిరగరాస్తారు. సృజనాత్మక రచనను ఇలా బృందంగా నేర్చుకునే పద్ధతిని కార్యశాల అంటున్నాం. వర్క్‌షాపు అనగానే మనకు లారీలు బాగుచేసే షెడ్డు ముందు గుర్తొస్తుంది. ఆ పోలిక తప్పేమీ కాదు. విప్పి చూడటం, అరిగిన భాగాన్ని మార్చడం, మళ్లీ బిగించడం రెండు చోట్లా జరిగే పనే.

పదిమందిలో చదివి వినిపించడం మనకు కొత్త కాదు. రాజసభల్లో కావ్యం వినిపించిన కాలం నుంచి, తల్లావజ్ఝల శివశంకరశాస్త్రి ఆధ్వర్యంలో యువకవులు కూడిన సాహితీ సమితి వరకు ఆ సంప్రదాయం ఉంది. అయితే సభకు సాధారణంగా వచ్చేది పూర్తయిన రచన. కార్యశాలకు వచ్చేది ఇంకా పూర్తికాని రచన. సభలో వినేవారు మెచ్చుకోవచ్చు, తప్పు పట్టవచ్చు. కార్యశాలలో వినేవారికి ఆ రచన ఇకముందు ఎలా మారాలో చెప్పే హక్కు కూడా దక్కుతుంది. ఆ హక్కు ఎవరిది అన్నదే ఈ చరిత్ర అంతటా నలిగే ప్రశ్న.

చాలా కార్యశాలల్లో ఒక నియమం ఉంటుంది. తన రచనపై చర్చ జరుగుతున్నంతసేపూ రచయిత నోరు విప్పకూడదు. వినాలి, రాసుకోవాలి, అంతే. మొదటిసారి చేరినవారికి ఇది వింతగా, కొందరికి అవమానంగా కూడా తోస్తుంది. ఈ నియమం ఎలా ఏర్పడింది, ఎవరికి పనికొచ్చింది, ఎవరికి అడ్డుపడింది అనే విషయాలను ఈ పాఠంలో పరిశీలిద్దాం. ఈ పద్ధతి రూపుదిద్దుకున్నది ప్రధానంగా అమెరికాలో, ఆ తర్వాత బ్రిటన్‌లో కనుక మన పరిశీలన కూడా ఆ రెండు దేశాల్లోనే సాగుతుంది.

5.2 హార్వర్డ్ తరగతి గదులు

1880లలో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో బారెట్ వెండెల్ అనే ఆచార్యుడు ఉన్నత స్థాయి రచనా తరగతి ఒకటి నడిపేవాడు. విద్యార్థులు రోజుకో చిన్న రచన ఇవ్వాలి. అది పాండిత్య వ్యాసం కానక్కర్లేదు. చూసినది, అనుభవించినది రాయాలి. తర్వాతి కాలంలో నల్లజాతి ఉద్యమానికి మేధావిగా నిలిచిన డబ్ల్యు.ఇ.బి. డుబాయిస్ ఈ తరగతిలో విద్యార్థి. అంతకుముందు హార్వర్డ్‌లోనే ఆయన రాసిన ఒక వ్యాసానికి చాలా తక్కువ మార్కు వచ్చింది. జాతి సమస్య మీద ఆవేశంతో, వ్యాకరణం పట్టించుకోకుండా రాసిన వ్యాసమది. ఆ దెబ్బతో భాష నేర్చుకోవాలని ఈ తరగతిలో చేరాడు. తాను రాసిన వాటిలో ఒక దాన్ని వెండెల్ ఎంచి తరగతికి చదివి వినిపించిన సంగతిని డుబాయిస్ చాలా ఏళ్ల తర్వాత కూడా మరిచిపోకుండా తన ఆత్మకథలో చెప్పుకున్నాడు. ఇక్కడ గమనించవలసింది ఏమిటంటే, తరగతి అంతా వింది కాని తీర్పు చెప్పింది ఒక్కరే. తోటివారింకా శ్రోతలే.

శ్రోతలకు మాట ఇచ్చినవాడు అదే విశ్వవిద్యాలయంలో నాటక రచన బోధించిన జార్జ్ పియర్స్ బేకర్. ఆయన పాఠ్యక్రమం సంఖ్య 47. దానికి అనుబంధంగా విద్యార్థుల నాటకాలను రంగస్థలం మీద ప్రయోగించి చూసే ఏర్పాటును 1910లలో మొదలుపెట్టి దానికి '47 వర్క్‌షాప్' అని పేరు పెట్టాడు. నాటకానికి తెరలు కట్టాలి, చెక్క కొయ్యాలి, మేకులు కొట్టాలి కనుక ఆ పేరు అక్షరాలా సరిపోయింది. ప్రదర్శనకు ఆహ్వానం మీద వచ్చిన ప్రేక్షకులు చూసి ఊరికే వెళ్లిపోకూడదు. తమ అభిప్రాయాన్ని రాసి ఇవ్వాలి. బేకర్ వాటిలోని పేర్లు తీసేసి రచయితకు అందించేవాడు. పేరు తెలియని పదిమంది ప్రేక్షకుల అభిప్రాయం ఒక ఆచార్యుడి తీర్పుకు సాటిగా నిలబడటం ఇక్కడ మనకు స్పష్టంగా కనిపిస్తుంది. యూజీన్ ఓనీల్ 1914-15లో బేకర్ దగ్గర చదివాడు.

నాటక రచయితకు ప్రేక్షకుల మధ్య లేచి నిలబడి 'నా ఉద్దేశం అది కాదు' అని చెప్పే అవకాశం ఎటూ ఉండదు. ఆ పరిస్థితి కథకూ కవితకూ ఎప్పుడు వచ్చిందో చూడాలంటే అమెరికా మధ్య పశ్చిమ ప్రాంతానికి, మొక్కజొన్న పండించే అయోవా రాష్ట్రానికి వెళ్లాలి.

5.3 అయోవా: నియమం స్థిరపడిన చోటు

అయోవా విశ్వవిద్యాలయంలో కవితా రచన మీద తరగతి 1897లోనే జరిగింది. కాని అసలు మలుపు 1922లో వచ్చింది. పరిశోధన వ్యాసానికి బదులు కవితలు, కథలు, సంగీత రచనలు, చిత్రాల వంటి సృజనాత్మక కృషిని కూడా ఉన్నత పట్టాకు అంగీకరిస్తామని గ్రాడ్యుయేట్ కళాశాల డీన్ కార్ల్ సీషోర్ ప్రకటించాడు. ఆయన మనస్తత్వ శాస్త్రవేత్త. ఒక విశ్వవిద్యాలయం కథల సంపుటిని చూసి పట్టా ఇవ్వడం అప్పటికి సాహసమే. 1936లో 'రైటర్స్ వర్క్‌షాప్' అధికారికంగా ఏర్పడింది. మొదటి సంచాలకుడు విల్బర్ ష్రామ్. జర్నలిజం చదివినవారికి ఈ పేరు తెలిసే ఉంటుంది. అభివృద్ధిలో ప్రసార మాధ్యమాల పాత్రపై పుస్తకం రాసిన ష్రామ్ ఈయనే. 1941లో పగ్గాలు పాల్ ఎంగిల్ చేతికి వచ్చాయి. 1965 వరకు ఆయనే నడిపాడు. ఎంగిల్ అయోవా రాష్ట్రంలోనే పుట్టి పెరిగినవాడు, గుర్రాల వ్యాపారి కొడుకు. వ్యాపారుల తలుపులు తట్టి కవులకు ఉపకార వేతనాలు సంపాదించడంలో తండ్రి నేర్పు ఈయనకు వచ్చిందనిపిస్తుంది.

రచయిత మౌనంగా ఉండాలన్న నియమం ఒక్కరు ఆలోచించి పెట్టింది కాదు. రెండు విషయాలు కలిసి దాన్ని స్థిరపరిచాయని ఈ పాఠ రచయిత అభిప్రాయం.

మొదటిది ఆనాటి సాహిత్య విమర్శ. కేంబ్రిడ్జిలో ఐ.ఎ. రిచర్డ్స్ తన విద్యార్థులకు కవి పేరు చెప్పకుండా కవితలిచ్చి అభిప్రాయాలు రాయించుకున్నాడు. వాటి ఆధారంగా 1929లో పుస్తకం ప్రచురించాడు. పేరు తీసేస్తే పేరుమోసిన కవుల్ని కూడా విద్యార్థులు తీసిపారేశారు. సామాన్య కవిత్వాన్ని ఆకాశానికెత్తారు. అమెరికాలో క్లియంత్ బ్రూక్స్, రాబర్ట్ పెన్ వారెన్ రాసిన పాఠ్యపుస్తకాలు 1938లో కవిత్వానికి, 1943లో కథకు వచ్చాయి. రచయిత జీవితాన్నీ ఉద్దేశాన్నీ పక్కనపెట్టి కాగితం మీద ఉన్న మాటలనే చూడాలన్నది ఈ ధోరణి. దీన్నే నవ్య విమర్శ అంటాం. రచయిత ఉద్దేశం అక్కర్లేదనుకున్నాక ఆయన గదిలో ఉన్నా మాట్లాడనక్కర్లేదు. సిద్ధాంతం నుంచి నియమానికి ఒక్క అడుగే.

రెండవది యుద్ధం. 1944 జూన్‌లో అమెరికా ప్రభుత్వం మాజీ సైనికుల పునరావాస చట్టం చేసింది. చదువుకోదలచిన సైనికుడి ఫీజును, భత్యాన్ని ప్రభుత్వమే భరిస్తుంది. ఈ పథకం ముగిసేలోగా దాదాపు 78 లక్షల మంది దాని కింద చదువో శిక్షణో పొందారు. వారిలో సుమారు 22 లక్షల మంది కళాశాలలకు వెళ్లారు. అయోవాకు కూడా సైనికులు వచ్చారు. నది ఒడ్డున మిలిటరీ వాడి వదిలేసిన తాత్కాలిక రేకుల షెడ్లలో తరగతులు నడిచాయి. ఇరవై అయిదేళ్లు, ముప్పై ఏళ్లు నిండినవారు, పెళ్లయినవారు, చావును దగ్గరగా చూసినవారు అక్కడ విద్యార్థులు. వీళ్లకు కుర్ర విద్యార్థులకు చెప్పినట్టు పాఠం చెబితే కుదరదు. ఒకరి రాత మీద ఒకరు నిర్మొహమాటంగా మాట్లాడుకునే పద్ధతి ఈ వయోజనులకు నప్పింది. చర్చ కొంత కరకుగా సాగడానికి కూడా ఇదొక కారణమే.

ఇలాంటి వాతావరణంలోకి 1945లో ఇరవై ఏళ్ల ఫ్లానరీ ఓకానర్ వచ్చింది. దక్షిణాదిలోని జార్జియా రాష్ట్రం నుంచి జర్నలిజం చదవడానికి వచ్చిన ఆమె కార్యశాలలో చేరతానని ఎంగిల్‌ను అడగడానికి వెళ్లింది. ఆమె యాస ఎంగిల్‌కు ఒక్క ముక్క అర్థం కాలేదు. చెప్పదలచుకున్నది కాగితం మీద రాయమన్నాడు. ఆమె రాసి ఇచ్చింది. తరగతిలో వెనక వరుసలో మాట్లాడకుండా కూర్చునేదని ఎంగిల్ తర్వాత గుర్తు చేసుకున్నాడు. 1947లో పట్టా తీసుకొని వెళ్లిన ఆమె ఇరవయ్యో శతాబ్దపు అమెరికా కథకుల్లో ముందు వరుసలో నిలిచింది. యాస చూసి నవ్వే గదిలో ఆమె తరఫున కాగితం మాట్లాడింది. కార్యశాల మౌనం ఓకానర్‌కు రక్షణ కవచమైందని చెప్పవచ్చు.

ఈ నియమం వెనక బలమైన తర్కమే ఉంది. పుస్తకం అచ్చయి ఎక్కడో ఒక పాఠకుడి చేతికి చేరినప్పుడు రచయిత పక్కన కూర్చుని వివరించలేడు. కాగితం మీద లేనిది పాఠకుడికి లేనట్టే. కాబట్టి ఆ పరిస్థితిని కార్యశాలలోనే అలవాటు చేసుకోవడం మంచిది. అయితే ఈ తర్కం ఒక విషయాన్ని ముందే ఒప్పుకొని నడుస్తుంది. గదిలో కూర్చున్న పదిమందీ, రేపు పుస్తకం చదవబోయే పాఠకులూ ఒకే రకం మనుషులని అది అనుకుంటుంది. అలా కానప్పుడు ఏమవుతుంది?

మీ ప్రగతిని పరీక్షించుకోండి: బేకర్ నాటక ప్రేక్షకులకూ అయోవా కార్యశాల సభ్యులకూ రచయితపై ఉన్న అధికారంలో తేడా ఏమిటి? ఐదారు వాక్యాల్లో రాయండి.

5.4 వాట్స్: కాలిపోయిన పేటలో రచనా బృందం

సైనికుల చట్టం కాగితం మీద అందరిదీ. ఆచరణలో నల్లజాతి సైనికులకు ఎన్నో విశ్వవిద్యాలయాల తలుపులు తెరుచుకోలేదు. ఇరవై ఏళ్ల తర్వాత, 1965 ఆగస్టులో లాస్ ఏంజెలెస్ నగరంలోని వాట్స్ అనే నల్లజాతి పేట భగ్గుమంది. ఆరు రోజుల్లో 34 మంది మరణించారు. కొద్ది మైళ్ల దూరంలోనే హాలీవుడ్. అక్కడి నుంచి బడ్ షుల్‌బెర్గ్ అనే రచయిత వాట్స్‌కు వచ్చాడు. ఒక సినిమా రచనకు 1954 సంవత్సరపు ఆస్కార్ అందుకున్నవాడు. పేటలోని ఒక సేవా సంస్థ గోడ మీద 'సృజనాత్మక రచనా తరగతి' అని కాగితం అంటించి కూర్చున్నాడు. వారాలు గడిచినా ఒక్కరూ రాలేదు. తర్వాత ఒక యువకుడు వచ్చాడు. ఆ వెనక ఒక్కొక్కరే చేరారు. కూడుకునే స్థలం ఒక కాఫీ హౌస్‌కు మారింది. వారి రచనల సంకలనం 1967లో వెలువడింది. కవులు వాండా కోల్‌మన్, క్విన్సీ ట్రూప్ ఈ బృందం నుంచి వచ్చినవారే.

అయోవాలో అడిగే ప్రశ్న 'ఇది కథగా నిలబడుతోందా' అన్నది. వాట్స్‌లో అంతకన్నా ముందు మరో ప్రశ్న ఉంది: నేను రాసింది ఎవరైనా వింటారా? పట్టా లేదు, మార్కులు లేవు. ఇలాంటి చోట 'నోరు మూసుకుని విను' అన్న నియమానికి వేరే అర్థం వస్తుంది. అప్పటికే జీవితమంతా నోరు మూయించుకున్నవారు వాళ్లు. నడిపేవాడు పేరున్న తెల్లజాతి రచయిత కావడం కూడా చిన్న విషయం కాదు. ఆయన ఉద్దేశాన్ని శంకించనక్కర్లేదు గాని, ఏ రచన బయటి ప్రపంచానికి చేరాలన్నది ఆయన పరిచయాల మీద ఎంతో కొంత ఆధారపడింది. 1973లో ఈ బృందం భవనం తగలబడిపోయింది. బృందంలో చేరి పనిచేసిన ఎఫ్‌బీఐ వేగు ఒకడు ఆ నిప్పు తానే పెట్టానని తర్వాత బహిరంగంగా ఒప్పుకున్నాడు. కవితలు చదువుకునే గది మీద ప్రభుత్వ నిఘా ఎందుకు పడింది అన్నది విద్యార్థులు ఆలోచించదగిన ప్రశ్న.

5.5 బ్రిటన్: విలువ ఎవరు నిర్ణయించాలి?

బ్రిటన్‌లో వయోజన విద్యకు పాత పునాది ఉంది. కార్మికుల విద్యా సంఘం 1903లోనే ఏర్పడింది. 1970లలో ఈ పునాది మీద కార్మికవాడల్లో రచనా బృందాలు లేచాయి. లండన్‌లోని హాక్నీలో సెంటర్‌ప్రైజ్ అనే పుస్తకాల దుకాణం ఆ పేటవారి రాతలను తానే అచ్చువేసింది. లివర్‌పూల్ రేవు పక్కనున్న స్కాట్లండ్ రోడ్‌లో ఒక బృందం నడిచింది. తర్వాత టెలివిజన్ నాటక రచయితగా పేరు తెచ్చుకున్న జిమ్మీ మెక్‌గవర్న్ తొలి అడుగులు అక్కడే పడ్డాయి. చదవడం రాయడం పెద్దయ్యాక నేర్చుకుంటున్నవారు సొంతంగా రాసిన పత్రిక ఒకటి 1975 నుంచి 1985 వరకు వెలువడింది. అక్షరాలు ఇంకా కుదురుకోనివారు చెబుతుంటే బోధకులు రాసేవారు. ఆ కాగితమే వారికి మళ్లీ వాచకమయ్యేది. వారాంతాల్లో అందరూ ఒకచోట బస చేసి పత్రికకు రాసుకునేవారు.

ఇలాంటి బృందాలు 1976లో ఒక సమాఖ్యగా ఏర్పడ్డాయి. కార్మిక రచయితల, సమాజ ప్రచురణకర్తల సమాఖ్య అని దాన్ని చెప్పుకోవచ్చు. ప్రభుత్వ ధనంతో నడిచే కళా మండలిని వారు సాయం అడిగారు. ఈ రచనల్లో సాహిత్య విలువ చెప్పుకోదగ్గంత లేదని మండలి నిరాకరించింది. అప్పుడు సాగిన వాదమే మన పాఠానికి ముఖ్యం. రేవు కూలీ తన బాల్యాన్ని రాసుకుంటే, అదే పేటవారు దాన్ని కొని చదువుతుంటే, దాని విలువను ఆ పేటలో ఎన్నడూ అడుగుపెట్టని సంఘం ఎలా తేలుస్తుందని సమాఖ్య అడిగింది. ఈ బృందాల్లో పాఠకుడూ రచయితా ఒకే వీధి మనుషులు. 'ఈ మాట నాకు అర్థం కాలేదు' అని ఎవరైనా అన్నారంటే అది నిజంగా రాతలోని లోపమే అయ్యే అవకాశం ఎక్కువ. అయోవా తర్కం ఊహించుకున్న ఆదర్శ పాఠకుడు విచిత్రంగా అయోవాలో కంటే హాక్నీలోనే ఎక్కువగా దొరికాడు. అన్ని రాతలూ గొప్పవని కాదు. ఒకరినొకరు నొప్పించకూడదన్న మొహమాటం ఈ బృందాలకు ఉన్న బలహీనత. పొగడ్త కూడా రచయిత ఎదుగుదలకు అడ్డమే.

5.6 ఎల్బో చేసిన సవరణ

అమెరికాలో పీటర్ ఎల్బో 1973లో ఉపాధ్యాయుడు లేకుండా రాయడం నేర్చుకోవడంపై ఒక పుస్తకం ప్రచురించాడు. పై చదువులు చదువుతుండగా రాయలేని స్థితికి వచ్చి చదువు మానేసిన అనుభవం ఆయనది. ఏడు నుంచి పన్నెండు మంది వారం వారం కలుసుకొని ఒకరి రాతలు ఒకరు వినాలంటాడు. ఇక్కడ కూడా రచయిత వాదించకూడదు. మరి తేడా ఎక్కడుంది? వినేవారు తీర్పు చెప్పరు, సలహా ఇవ్వరు. చదువుతున్నప్పుడు తమ మనసులో ఏం జరిగిందో మాత్రమే చెబుతారు. 'రెండో పేరా దగ్గర నా దృష్టి మళ్లింది', 'ఈ తల్లి పాత్ర మీద నాకు కోపం వచ్చింది' అన్నట్టు. అది అబద్ధమని రచయిత అనలేడు. అలాగని దానికి లొంగిపోవలసిన పనీ లేదు. మార్చాలా వద్దా అన్నది పూర్తిగా రచయిత ఇష్టం. మౌనం అలాగే ఉంది, కాని అధికారం చేతులు మారింది. ఈ పద్ధతుల్లో ఇంట్లోనో లైబ్రరీలోనో కూడుకునే మామూలు వయోజనులకు ఎక్కువ పనికొచ్చేది ఇదేనని చెప్పడానికి సందేహించనక్కర్లేదు.

5.7 వంటగది బల్ల దగ్గర

1976లో సాండ్రా సిస్‌నెరోస్ అయోవాలో చేరింది. షికాగోలో మెక్సికన్ కుటుంబంలో పుట్టింది. ఒక తరగతిలో ఇల్లు అనే భావన మీద ఫ్రెంచ్ తాత్వికుడు గాస్టన్ బాషెలార్ రాసిన గ్రంథాన్ని చర్చిస్తున్నారు. అటకలు, నేలమాళిగలు, బాల్యస్మృతులు దాచుకున్న మూలలు. తోటివారంతా తమ ఇళ్లను తలచుకుంటూ మాట్లాడుతున్నారు. ఆమె పెరిగింది ఇరుకు అద్దె ఇళ్లలో. తనకు అలాంటి ఇల్లే లేదని ఆ గదిలో ఆమెకు అర్థమైంది. మొదట సిగ్గు, తర్వాత కోపం వచ్చాయని, ఆ గదిలోని వారెవరూ రాయలేనిది రాయాలని అప్పుడే నిశ్చయించుకున్నానని ఆమె చెప్పింది. అలా మొదలైన 'ది హౌస్ ఆన్ మాంగో స్ట్రీట్' 1984లో హ్యూస్టన్‌లోని ఒక చిన్న ప్రచురణ సంస్థ నుంచి వచ్చింది. నేడు అది అమెరికా పాఠశాలల్లో పాఠ్యపుస్తకం.

ఈ పుస్తకాన్ని కార్యశాల విజయంగా లెక్కించాలా? అయోవా గది ఆమెకు కావలసిన పాఠకులను ఇవ్వలేదు, ఎదిరించడానికి ఒక గోడను ఇచ్చింది. ఆ గోడను చూసి రాయడం మానేసినవారి పుస్తకాలు మన ముందు లేవు కనుక లెక్క ఒకవైపే కనిపిస్తుంది. ఓకానర్‌ను కాపాడిన మౌనమే సిస్‌నెరోస్‌కు ఒంటరితనమైంది.

1995లో ఆమె టెక్సాస్ రాష్ట్రం శాన్ ఆంటోనియోలో, తన వంటగది బల్ల చుట్టూ కొందరు రచయితలను కూర్చోబెట్టి 'మాకొండో' అనే కార్యశాల మొదలుపెట్టింది. ఆ దశాబ్దంలోనే నృత్యకారిణి లిజ్ లెర్మన్ రూపొందించిన పద్ధతి రచనా బృందాల్లోకీ వచ్చింది. అందులో ముందుగా వినేవారు తమను తాకినదేదో చెబుతారు. తర్వాత ప్రశ్నలడిగే వంతు రచయితది. ఆ తర్వాతే వినేవారు అడుగుతారు, అదీ అభిప్రాయం దాచిన ప్రశ్న కాకూడదు. చివరన ఎవరైనా సొంత అభిప్రాయం చెప్పాలంటే రచయిత అనుమతి తీసుకోవాలి. 2021లో మాథ్యూ సలెసెస్, ఫెలీషియా రోజ్ చావెజ్ వేర్వేరుగా రాసిన పుస్తకాలు మౌన నియమాన్ని నేరుగా ప్రశ్నించాయి. చావెజ్ అయోవాలోనే చదువుకుంది.

5.8 అభ్యాసం

దూరవిద్యలో చదివే మీకు రోజూ కలిసే తరగతి లేదు. సంపర్క తరగతులకు వచ్చే తోటి విద్యార్థుల్లో నలుగురు కలిసినా సరిపోతుంది. ఒక్కొక్కరు రెండు పుటలకు మించని కథాభాగం రాసి ప్రతులు తీసి ముందుగా పంచుకోండి. మొదటిసారి రచయిత మాట్లాడకుండా, వినేవారు ఎల్బో చెప్పినట్టు తమ మనసులో జరిగింది మాత్రమే చెప్పాలి. నెల తర్వాత తిరగరాసిన ప్రతిని లెర్మన్ వరుసలో చర్చించండి. మీరు మీ మాండలికంలో రాసిన మాటల్లో వేటిని మార్చమన్నారో, ఏ సందర్భంలో, ఎవరు మార్చమన్నారో, మీరు వేటిని మార్చకుండా ఉంచారో ఒక నోటు పుస్తకంలో తేదీతో సహా రాసుకోండి. రెండు ప్రతులను, ఆ నోటును కలిపి సమర్పించాలి.